లీటరుకు తొమ్మిది

చిక్కడపల్లిలో ఉండే శ్రీపతి గారి చిన్న ఓపెన్ టాప్ కారు లీటరుకు తొమ్మిది కిలోమీటర్లే ఇస్తోంది. "ఇంజన్ పోయింది నాన్న, స్క్రాప్‌కు ఇచ్చేద్దం," అన్నాడు కొడుకు అభిజిత్. భార్య దమయంతి కన్నుమూసి ఏడాదైనా, ఆమెను తిప్పిన కారును వదులుకోవడానికి శ్రీపతికి మనసొప్పలేదు. పరీక్ష చేయించాకే మాట్లాడమన్నాడు.

నారాయణగూడ మెకానిక్ జహంగీర్ ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, టాప్ మూసి, శ్రీపతిని పక్కన కూర్చోబెట్టుకుని లోయర్ ట్యాంక్ బండ్ దాటి చాలా దూరం వేగంగా తిప్పాడు. వచ్చాక మళ్లీ నిండా పోయించి లెక్క చూశాడు.

"పద్నాలుగు ఇచ్చింది సార్. ఇంజన్ గుర్రం లెక్కుంది. దీంతోని రోజు పెండ్లి బారాత్ తీస్తున్నరా ఏంది?"

షెడ్డు దగ్గర ఎదురుచూస్తున్న అభిజిత్ నవ్వాడు. "మరి నీకెందుకు తొమ్మిదే వస్తది నాన్న?"

"సెకండ్ గేర్లనే పోత గద బిడ్డ. చూపు పోయినంక మీ అమ్మ చెవులతోనే ఊరు చూసేది. అశోక్ నగర్ల చాయ్ బండి కాడ పిల్లలు పరీక్షల గురించి కొట్లాడుతుంటే, జర ఆపమనేది. టాప్ తీసి మెల్లగ నడిపేటోణ్ని. కాలుకు గదే అలవాటైంది."

అభిజిత్ నవ్వు ఆగిపోయింది. "అయితే ఉంచుకో నాన్న. బండి మంచిగనే ఉంది."

శ్రీపతి తాను దిగివచ్చిన పక్క సీటు వైపు చూశాడు. అది దమయంతి సీటు. అందులో కూర్చున్నంతసేపూ ఆయనకు ఇంజన్ మోత తప్ప ఏమీ వినిపించలేదు.

"వద్దు బిడ్డ. ఇంక ఎవరి కోసం మెల్లగ పోవాలె? పద్నాలుగు తీసేటోళ్లకే ఇయ్యి," అని తాళంచెవి కొడుకు చేతిలో పెట్టాడు.