చీరల మడతల్లో గోళీలు

వినీత మెడ మీది గీతను చూసి, అదేమిటని పెళ్లిచూపులనాడే అడిగింది కాబోయే అత్త సత్యమ్మ.

"గడ్డ అయితే తీసేసిండ్రు వదినె, గంతే" అన్నది వినీత తల్లి ఎంకమ్మ.

అది థైరాయిడ్ క్యాన్సరని, ఆపరేషన్ తర్వాత అయోడిన్ మందు కూడా ఇచ్చారని, బతికినన్నాళ్లూ రోజూ పరగడుపున గోళీ వేసుకోవాలని చెప్పలేదు. చెబితే సంబంధం తప్పిపోతుందని భయం. ఏడాది ఆగి, గోళీలు మానకుండా ఉంటే పిల్లలకు ఏ అడ్డూ లేదని డాక్టరమ్మ అన్న మాటే ఆమెకు ధైర్యం. ఆ ఏడాది ఎప్పుడో దాటింది. బిడ్డను తాండూరు నుంచి వికారాబాద్ సాగనంపేటప్పుడు గోళీల డబ్బాను చీరల మడతల్లో తనే పెట్టి, "ఎవ్వరి కంట పడనియ్యకు" అన్నది.

అత్తింట్లో తెల్లారేసరికి అందరూ వంటింట్లోనే ఉంటారు. వినీత దొంగచాటుగా కొన్ని రోజులు వేసుకుంది, ఎక్కువ రోజులు వేసుకోలేదు. ఒళ్లు బరువెక్కింది. ముట్టు ఒక నెల వస్తే రెండు నెలలు రాలేదు. చివరికి నెల తప్పింది. మూడో నెలలో గర్భం పోయింది.

ఎంకమ్మ బిడ్డను తాండూరు తెచ్చుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, "ఇదొక్కటే కారణమని చెప్పలేను. కానీ గోళీలు మానకుండా ఉండాల్సింది" అన్నది.

బయటికొచ్చాక వినీత మెల్లగా అన్నది: "దాపెట్టమన్నది నువ్వే గదమ్మా."

మర్నాడే ఎంకమ్మ ఒంటరిగా వికారాబాద్ రైలెక్కింది. అల్లుడు మహేందర్ ఎదుటే సత్యమ్మకు అంతా చెప్పింది. "తప్పు నాది వదినె. దాన్నేమనకున్రి."



"పొద్దుగాల లేవంగనే చాయ్ పోసిచ్చి, తాగేదాంక ఎదురుంగ కూసునేదాన్ని" అన్నది సత్యమ్మ. "ఒక్క మాట జెప్తే గోళీ ఏసుకునేదాంక ఆగకపోదునా? ఈ పాపం నా చేతులతోని గూడ చేపిస్తివి గద."

మహేందర్ లేచి చొక్కా వేసుకున్నాడు. "వినీత తాన్కి పోదాం పాండ్రి అత్తమ్మా. కాయితాలన్ని నాకియ్యున్రి."

రెండు వారాలకు భార్యను ఇంటికి తెచ్చుకున్నాడు. డాక్టరమ్మ చెప్పినట్టు పరీక్షలు చేయిస్తున్నాడు. వినీతకు ముట్టు మళ్లీ సరిగా వస్తోంది. సత్యమ్మ మాత్రం ఎంకమ్మతో ఫోన్లో రెండు మాటలకు మించి మాట్లాడదు. అందుకు ఎంకమ్మకు కోపం లేదు. పోయిన ఆ పసిగుడ్డు తన భయానికే బలైందేమోనని ఆమె ఎవరినీ అడగలేదు. కాదన్నా నమ్మేది కాదు.