ఎర్రపువ్వు జెముడు, ఆరు కప్పుల నీళ్ళు

రామొన్సీతా కుడి అరచేతికి టేపు అంటించి సర్రున లాగింది. ఏడెనిమిది నూగుముళ్ళు ఊడొచ్చాయి. దీపం కిందికి చెయ్యి పెట్టి చూసుకుని, ఇంకో ముక్క అంటించింది. నాగజెముడుకు రెండు రకాల ముళ్ళు. పొడుగువి కనబడి మరీ పొడుస్తాయి. నూగువి పొడిచాక కూడా కనబడవు. మొదటివి శత్రువుల్లాంటివి, రెండోవి చుట్టాల్లాంటివి. ఇంకో గంటలో ఆమె బడి వంటశాలలో నూట అరవై మంది పిల్లల రొట్టెలకు పిండి పిసకాలి. ఇరవై ఆరేళ్ళుగా పిసుకుతోంది. ఇంతవరకు ఏ రొట్టెలోనూ ముల్లు రాలేదు.

"నిన్న చేతికి తొడుగు లేకుండా ముట్టుకున్నావు కదూ?" కిటికీ పక్క కుర్చీలోంచి మొగుడు ఒనేసిమో అడిగాడు.

"లేదు."

"నీ నోరు లేదంటోంది, టేపు ఉందంటోంది."

ఆమె లేచి, అలమరలో ఆరు కప్పులు వరసగా పెట్టి నీళ్ళు నింపింది. కాఫీ, పులుసు, మందు మింగే గుక్క, అన్నీ కలిపి రోజుకు అతని వాటా అంతే. మూడేళ్ళ కిందట డాక్టరు పెట్టిన కట్టడి. గుండె నీటిని తోడలేకపోతోందట, ఊపిరితిత్తుల్లోకి చేరుతోందట. ఒనేసిమో అప్పుడే దానికి అర్థం చెప్పాడు: "కుండీలో నీళ్ళు నిలిస్తే మొక్క పోతుంది, గుండెలో నీళ్ళు నిలిస్తే మనిషి పోతాడు. ఈ మాట చెప్పడానికి డాక్టరెందుకు, తోటమాలి చాలడూ?"

చెప్పడమైతే నవ్వుతూనే చెప్పాడు. దాహం మాత్రం నవ్వులాట కాదు. పొద్దు గూకేసరికి ఆరో కప్పు అయిపోయేది. నాలుక అంగిటికి అంటుకునేది. అప్పుడు ఏడో కప్పు అడిగేవాడు. రోజూ.

ఒకప్పుడు బంగాళాదుంపల గోదాములో భుజానికో బస్తా చొప్పున రెండు మోసిన మనిషి. ఇప్పుడు కాళ్ళు ఉబ్బి, మొహం పీక్కుపోయి, మీసం ఒక్కటే పాత కొలతల్లో మిగిలింది. గోళ్ళలో ముప్ఫయ్యేళ్ళ దుంపమట్టి ఏ సబ్బుకూ లొంగకుండా అలాగే ఉంది.

మా లోయలో జనవరి రాత్రి గడప దాటి ఉమ్మితే నేలను తాకేలోపు రాయి అవుతుంది. గులాబీలు వేసినవాళ్ళు రెండేళ్ళకు బుద్ధి తెచ్చుకుంటారు. ఒనేసిమో గులాబీల జోలికే పోలేదు. కొండకొండా తిరిగి చలికి ఓర్చే జెముళ్ళు తెచ్చి మట్టి ఇంటి చుట్టూ నాటాడు. మొత్తం పదకొండు రకాలు, మోకాలి ఎత్తు దాటవు. పది రకాలకు పసుప్పచ్చ పూలు. వంటింటి గోడ వారన ఉన్న ఒక్కదానికే ఎర్రపువ్వు. నలభై ఒక్కేళ్ళ కిందట పిల్లను చూడ్డానికి వచ్చినప్పుడు, పూలు తెస్తాడని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటే, దుంపల గోనెలో ఆ జెముడు మట్టలు మూడు తెచ్చాడు. "పెళ్ళికి ముందే ముళ్ళా?" అని పిల్ల తల్లి తిట్టిపోసింది. "తర్వాత గుచ్చుకుందని ఎవరూ అనకూడదు కదండీ" అన్నాడు. రామొన్సీతా తలుపు చాటున నవ్వింది. ఆ నవ్వుతో పెళ్ళి కుదిరింది. పిల్లలు పుట్టలేదు. జెముడు మాత్రం పిల్లల మీద పిల్లలు పెట్టి గోడంత పొడుగు పాకింది.

మూడు చలికాలాలుగా అది కుళ్ళుతోంది. ప్రతి వసంతంలోనూ సగం మట్టలు నల్లటి గుజ్జయి జారిపోయేవి. ఇప్పుడు మిగిలింది ఒక్క మట్ట. ఇదీ పోతే ఎర్రపువ్వు వంశం ఆఖరు. ఒనేసిమో కుర్చీలోంచి లేవలేడు. లేవలేనివాడికి అనుమానాలు బాగా లేస్తాయి.

మధ్యాహ్నం రెండున్నరకు ఆమె తిరిగొచ్చేసరికి ఆకాశం ఇంటి కప్పు మీదికి దిగి కూచుంది. సాయంత్రం వాన, ఆపైన ఈ చలికాలపు మొదటి మంచు అని రేడియో చెబుతోంది. లోపల పొయ్యి దగ్గర క్లియోఫాస్ ఉన్నాడు. ఆమె పెదనాన్న కొడుకు, పక్కింటివాడు, గోదాములో ఒనేసిమోతో కలిసి దుంపలు ఏరినవాడు. కాళ్ళ దగ్గర అతని కుక్క. పేరు ఎలుగుబంటి, ఒంటికి ఎలుక. పన్నెండేళ్ళది, ఒక కన్ను కనబడదు.

"మూడేళ్ళు!" ఒనేసిమో ఆయాసంతో మాటను ముక్కలు చేసి విసురుతున్నాడు. "నీ కుక్క... వచ్చి... ఆ గోడకే... కాలెత్తుతుంది!"

"బావా, కుక్క పోసేది గుక్కెడు. దానికే నీ చెట్టు కుళ్ళుతుందా?"

"మరి పదింటికి రాని రోగం దానికే ఎందుకొచ్చింది? పది మొక్కలు నీ కుక్కకు నచ్చలేదా?"

క్లియోఫాస్ కుక్క చెవి నిమురుతూ నేలకేసి చూశాడు. "సరే. రేపు పొద్దున్నే దీన్ని మా మేనల్లుడి గొర్రెల మంద దగ్గర వదిలేస్తా. నీ గుండెకు ఈ మంట వద్దు."

కొండ మీద మంద అంటే తోడేళ్ళ పక్కన. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. రామొన్సీతా సంచీ కింద పెట్టింది.

"కుక్క కాదు. నేను."

క్లియోఫాస్ నోరు తెరిచాడు. "చెల్లెమ్మా... నువ్వు... ఆ గోడ దగ్గరా?"

"ఛీ, అన్నయ్యా! మంచినీళ్ళు పోశాను. రోజుకో కప్పు. సెప్టెంబరు వచ్చేసరికి వాడిపోయి, ముడతలు పడి, మెడ వాల్చేస్తుంది. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"వాడాలే పిచ్చిదానా!" ఒనేసిమో కుర్చీ చేతిని గుద్దాడు. "ఒంట్లో నీళ్ళు వదిలించుకుని పడుకుంటేనే బతికేది! సీసా నిండా నీళ్ళు పోసి జనవరిలో బయట పెట్టు, పొద్దుటికి పెంకులు ఏరుకుంటావు. వాడినా వాడి తగ్గదే దానికి! నలభై ఏళ్ళుగా చెబుతున్నానే!"

"తెలుసు."

"తెలిసీ పోశావా?"

ఆమె అలమర వైపు చూసింది. నాలుగు కప్పులు ఖాళీ, రెండు నిండుగా ఉన్నాయి.

"సాయంత్రం అయ్యేసరికి ఏడో కప్పు అడుగుతావు. పోనీలే ఇచ్చేద్దామని నింపుతాను. నింపాక భయమేస్తుంది, లేదంటాను. నింపింది చేతిలో ఉండిపోతుంది. ఎక్కడో ఒకచోట, దాహంగా ఉన్నదానికి పోయాలి కదా."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ఒనేసిమోకు ముందు భుజాలు కదిలాయి, తర్వాత మీసం, ఆఖరున నవ్వు బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాడు. నీళ్ళ కరువున్న ఇంట్లో అక్కడ మాత్రం కరువు లేదు.

"మొక్కకు పోసినదానివి మొగుడికి పోయలేకపోయావుటే!"

"మొక్క పోతే ఇంకోటి నాటుకోవచ్చు," అంది రామొన్సీతా.

ఒనేసిమో మీసం దువ్వుకున్నాడు. క్లియోఫాస్ వైపు తిరిగాడు. "బావా, కుక్కనెక్కడికీ పంపకు. కుండలో మాంసం ఉడుకుతోంది, మంచి ఎముక దానికిచ్చెయ్. నేను తప్పయిందన్నానని చెప్పు."

"నువ్వే చెప్పు. దానికి కన్నొకటి పోయింది గానీ చెవులు రెండూ ఉన్నాయి."

ఒనేసిమో వంగలేక వంగి కుక్కకు చెప్పాడు. అది ఎముక చాలనుకున్నట్టుంది, మాట వినిపించుకోలేదు.

కిటికీ అద్దం మీద మొదటి చినుకు పడింది. ఒనేసిమో నవ్వు ఆగిపోయింది. "తడి ఎక్కిందంటే గడ్డకట్టి పోతుంది. ఉన్నది ఒక్క మట్ట."

"బకెట్ బోర్లిస్తాను," అందామె.

"మన గాలికి తెల్లారేసరికి టెక్సస్‌లో తేలుతుంది. కింద మట్టకు ఊపిరీ ఆడదు. నా టోపీ పెట్టు."

మేకుకు వెడల్పాటి అంచున్న నల్లటి గట్టి ఉన్ని టోపీ వేలాడుతోంది. ఆదివారాలకూ అంత్యక్రియలకూ పెట్టుకునేది. లోపల చెమట గీత తెల్లగా చారికట్టింది.

"మరి చర్చికేం పెట్టుకుంటావు?"

"దేవుడికి నా బట్టతల కొత్తా?"

క్లియోఫాస్ చప్పట్లు చరిచాడు. "నలభై ఏళ్ళూ మాకందరికీ టోపీ పెట్టాడు, ఇవాళ జెముడుకు కూడా!"

ఆమె బయటికి వెళ్ళింది. అరచెయ్యంత మట్ట, ఆమె పోసిన నీళ్ళు ఎక్కించుకోకుండా, ఊదారంగుకు తిరిగి, ముడుచుకుని, నేలకు చెంప ఆనించి పడుకుంది. తెలియనివాళ్ళు చచ్చిందనే అనుకుంటారు. టోపీ కప్పి అంచుల మీద నాలుగు రాళ్ళు పెట్టింది. కిటికీలోంచి ఒనేసిమో కుడికి జరపమని చెయ్యి ఊపాడు, ఎడమకు జరపమన్నాడు, మళ్ళీ మొదట ఉన్నచోటికే తెప్పించి బాగుందని బొటనవేలు చూపించాడు. ఆమె చినుకుల్లో నిలబడి అతన్ని తిట్టింది. అద్దం అవతల అతనికి వినబడలేదు. తిట్టిందని మాత్రం అర్థమై మురిసిపోయాడు.

క్లియోఫాస్ వెళ్ళాక ఇద్దరూ చిక్కుళ్ళ కూరా మాంసం వేసిన పచ్చిమిరప పులుసూ తిన్నారు. ఆరో కప్పు అయిపోయింది. వాన మంచులోకి మారి కిటికీని గీరుతోంది. ఆమె గిన్నెలు కడిగి, అలవాటుగా కప్పు నింపింది. అప్పుడు గమనించింది, ఇవాళ అడగలేదు.

"అడగవేం? అడిగినా ఇవ్వన్లే," అంది సింకు దగ్గర నుంచే. "గోడ దగ్గరా పొయ్యను. ఇదిగో, సింకులోనే పోస్తున్నా, విను."

వినబడేలా ఎత్తు నుంచి పోసింది. నీళ్ళన్నీ గలగలమంటూ పోయాయి.

నలభై ఒక్కేళ్ళలో ఆ మనిషి ఏ మాటకూ జవాబు బాకీ పెట్టలేదు. ఆమె వెనక్కి తిరగలేదు. ముందు చేతులు ఆప్రానుకు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా, చాలాసేపు.

మూడో రోజు పొద్దున క్లియోఫాస్ ఒనేసిమోకు ఆఖరిసారి తొడిగే బట్టల కోసం వచ్చాడు. నల్లకోటు, తెల్లచొక్కా, బూట్లు మడతపెట్టి ఇచ్చింది.

"టోపీ ఏది చెల్లెమ్మా? టోపీ లేకుండా చూస్తే బావను ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు."

"అది మే నెల దాకా తియ్యకూడదు."

 క్లియోఫాస్ కిటికీలోంచి గోడ వారకు చూశాడు. కోటు ఒక చేతి మీద వేసుకుని బయటికి నడిచాడు. వంటింటి గోడ దగ్గరికి రాగానే వంగి కుక్కను చంకనెత్తుకుని, గోడ దాటాకే కింద దించాడు.

గోడ వారన నల్లటోపీ మీద నాలుగు వేళ్ళ మందాన మంచు పేరుకుని ఉంది. నాలుగు రాళ్ళూ పెట్టినచోటే ఉన్నాయి. ఒకచోట అంచు కొంచెం లేచి ఉంది, ఆ సందులోంచి కనబడినంత మేర మట్టి పొడిగా ఉంది.