సిరా చూపించిన బీట

ఆ రోజు మార్చి తొమ్మిది. మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపలు తిన్నాను, ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని. తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆ దుంపలు ఉడికిన నీళ్ళని మరుగుతుండగానే తీసుకెళ్ళి సింకులో ఒంపేశాను. లోపలెక్కడో టిక్కుమంది. పక్కగదిలో ఎవరో మెటిక విరిచినంత చిన్న చప్పుడు.

మాది పోత ఇనుము సింకు, పైన తెల్లటి ఎనామిల్ పూత. ఎనామిల్ అంటే గాజే. వేడి తగిలితే ఇనుము ఒకలా సాగుతుంది, గాజు మరోలా సాగుతుంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాడికి ఈ సంగతి తెలియక కాదు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ వేణ్ణీళ్ళు ఒంపే ముందు చన్నీళ్ళ పంపు తిప్పేది. ఆవిడ పోయాక వంట నేర్చుకున్నాను గానీ, పంపు తిప్పడం నేర్చుకోలేదు.

పూత బీటవారింది గానీ నీళ్ళు కారలేదు, అదొక్కటీ నయం. మా బావమరిదికి కబురు పెట్టాను. మా ఆవిడకి తమ్ముడు, ఊళ్ళో వాళ్ళందరికీ సింకు డాక్టరు. ఎనామిల్ సింకుల్లో బీటలు పూడ్చడం, పెచ్చులు ఊడినచోట మళ్ళీ పూత వేయడం పాతికేళ్ళుగా అతని పని. మర్నాడే సంచి భుజాన వేసుకుని వచ్చాడు. ఉలి పిడితో సింకు అంచున నాలుగుచోట్ల కొట్టి, చెవి ఆనించి విన్నాడు. ఇనుము గట్టిగానే ఉందనీ, పై చర్మమే చిట్లిందనీ చెప్పాడు. తర్వాత సంచిలోంచి రెండు రంగు డబ్బాలు తీసి, ఏది తెలుపో, ఏది మీగడ రంగో చెప్పమన్నాడు.

"నీ కాలేజీ చదువు ఇందుకైనా పనికొస్తుందేమో చూద్దాం బావా."

నవ్వి చెప్పాను. అతను తెల్లరంగు డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు తగిలించి పక్కన పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

సన్నటి బీట ఉత్త కంటికి ఆనదు. అందుకని సిరా పూస్తారు. పూసి తడిగుడ్డతో తుడిచేస్తే, పూత బాగున్నచోట సిరా పోతుంది, బీటలోకి దిగింది మాత్రం గీతలా మిగులుతుంది. ఆ గీత ఎందాకా ఉంటే పని అందాకా. అతను పూశాడు, తుడిచాడు, వంగి చూశాడు, గోటితో తడిమాడు. అంగుళమే, ఇక్కడితో సరి అన్నాడు.

నాకు గీత అక్కడ ఆగినట్టు కనిపించలేదు. వెంట్రుకంత సన్నగా, నల్లగా, నీళ్ళు పోయే తూము దాకా వెళ్ళింది. చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. పాతికేళ్ళ పనివాడు, మా ఆవిడ చంకనెత్తుకుని పెంచినవాడు. అతని పనికి నేను వంక పెట్టడమేమిటనుకున్నాను. అతను గీకాడు, ఆరబెట్టాడు, మందు నింపాడు, ఉప్పుకాగితంతో రుద్ది రంగు వేశాడు. రెండు రోజులు నీళ్ళు తగలనివ్వద్దని చెప్పి, నేనిచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు.

అతను పూడ్చిన అంగుళం ఇప్పటికీ అద్దంలా ఉంది. చెడింది మిగతాది. ఏప్రిల్ రెండోవారానికల్లా తూము పక్కన టీ మరకలాంటి చార తేలింది. నీళ్ళు పూత కిందికి దిగి, ఇనుము తుప్పు పడుతోందన్నమాట. తుప్పు ఉబ్బితే మీదున్న గాజుని ఎత్తేస్తుంది. ఓ శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే పంటికింద ఏదో తగిలింది. రాయనుకుని తీసి చూశాను. సగం గోరంత పెచ్చు, ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు, అంచు బ్లేడులా ఉంది. బియ్యం కడిగింది ఆ సింకులోనే. మింగలేదు, నాలుక తెగలేదు. ఆ పూటకి అదే పదివేలనుకుంటూ కంచం ముందు అలాగే కూర్చున్నాను.

ఆ సాయంత్రమే బావమరిది భార్య ఫోన్ చేసింది, సంబరంగా. పసిపిల్లల్ని పగటిపూట చూసుకునే కేంద్రం ఒకటుంది. వాళ్ళ వంటగదిలో రెండు ఎనామిల్ సింకులు బాగుచేసే పని వచ్చిందట, సోమవారం మొదలట. పాలసీసాలూ, గిన్నెలూ, పళ్ళూ అన్నీ కడిగేది వాటిల్లోనేనట. మంచిదమ్మా అన్నాను. మళ్ళీ మంచిదమ్మా అన్నాను.

శనివారం ఊరికే గడిపేశాను. ఆదివారం సాయంత్రం ఆ పెచ్చుని కాగితంలో చుట్టి జేబులో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే ఆమె నా మొహం చూసి సంగతి పోల్చుకుంది. వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అంతా చెప్పింది. ఏడాదిగా అతనికి చూపు మధ్యలో మసక మచ్చ ఉందట, ఈ రెండు నెలల్లో బాగా ముదిరిందట. ఇంతకన్నా బాగుపడదని డాక్టరు తేల్చేశాడట. వేళ్ళతో తడిమి పని లాక్కొస్తున్నాడు, ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదంది.

"మీరు ఆయనతో ఏమీ అనకండి అన్నయ్యా. పనిలేకపోతే ఆ మనిషి మనిషిలా ఉండరు."

ఆమె కోరింది అన్యాయమేమీ కాదు. కానీ రెండేళ్ళ పిల్లలు నోట్లో ఏదో తగిలిందని తీసి చూసుకోరు. ఆ మాట ఆమెతో అన్నాను. ఆమె పొయ్యి వైపు తిరిగి, వెలగని పొయ్యిని తుడుస్తూ నిలబడింది.

ముందుగదిలో అతను సోమవారం కోసం సంచి సర్దుకుంటున్నాడు. కాగితం విప్పి పెచ్చుని అతని అరచేతిలో పెట్టాను. దాన్ని చూడలేదు. బొటనవేలితో అంచు తడిమాడు, వెనక్కి తిప్పి గరుకువైపు తడిమాడు.

"ఎవరింటిది?"

"మా ఇంటిదే. మొన్న అన్నంలో వచ్చింది."

అతను ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. "ఆవేళ సిరా గీత ఎందాకా వెళ్ళింది బావా?" అన్నాడు.

"తూము దాకా."

"నీకు కనిపించింది."

"కనిపించింది."

"అక్కయితే నెత్తిన ఒక్కటి మొట్టి, ఒరేయ్ గుడ్డివాడా ఇటు చూడు అనేది. నువ్వు టీ ఇచ్చి పంపించావు."

కోపంగా అన్నా బాగుండేది. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. నెలరోజులుగా నేను ఆ చెప్పకపోవడాన్ని మర్యాద అనుకుంటూ వచ్చాను. ఉత్త మొహమాటం. మీ ఇంటి తర్వాత మూడిళ్ళు చేశానని మాత్రం అన్నాడు, పెచ్చుని తిరిగి నా చేతిలో పెడుతూ.

భార్యని పిలిచి నంబర్లు కలపమన్నాడు. పిల్లల కేంద్రానికి అతనే చెప్పాడు, రావడం లేదని. ఎందుకని అడిగినట్టున్నారు, "కళ్ళు" అని ఊరుకున్నాడు. మూడిళ్ళలో రెండిళ్ళవాళ్ళు దొరికారు. సంగతి విని ఒకావిడ సరేనంది. ఇంకొకాయన వేసిన కేకలు ఇవతల నాకు కూడా వినిపించాయి. అన్నీ అయ్యేదాకా అతను ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. మూడో ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే ముసలి టైలరమ్మ ఇల్లది. పొద్దున్న వెళ్దామన్నాను. అతను అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు. సిరా సీసా, గుడ్డ జేబులో వేసుకున్నాడు.

వీధి దీపాలు అప్పుడే వెలిగాయి. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకోలేదు, అలాగని నా చెయ్యీ పట్టుకోలేదు. టైలరమ్మ మెడలో కొలత టేపుతోనే తలుపు తీసింది. మిషన్ చప్పుడులో ఫోన్ వినపడలేదట.

ఈసారి సిరా పూసింది అతను, చూసింది నేను. అంతా బాగానే ఉంటుందన్న ఆశతోనే వంగాను.

"ఎందాకా?" అన్నాడు.

"మూలదాకా. అక్కడ రెండు పాయలైంది."

తలూపి, ఆవిడ ఉన్నవైపుకి, కాస్త పక్కకి తిరిగాడు. "అమ్మా, నాకు చూపు తగ్గిపోయింది. తెలిసీ మీ పని ఒప్పుకున్నాను, తప్పు చేశాను. మంచి పనివాణ్ణి పంపిస్తాను. అందాకా ఇందులో తినేవేవీ కడక్కండి."

టైలరమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టి సింకులోకి తొంగి చూసింది. "నాకూ కనిపించదు నాయనా. బ్రహ్మాండంగా చేశావని వీధంతా చెప్పుకొచ్చాను."

అతను నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. నేను గోడ మీది క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను.

ఆవిడ సింకు మీద బట్టలు కత్తిరించే చెక్క అడ్డంగా పెట్టి, గుమ్మందాకా వచ్చింది. ఎవరూ అడక్కుండానే, మెట్లు మూడున్నాయి, చివరిది కాస్త ఎత్తు అంది. అతను రెండు దిగి, మూడోదాని మీద ఆగి, నా భుజం కోసం చెయ్యి చాపాడు. రేపటినుంచి అతనేం చేస్తాడో నాకు తెలియదు, అతనికీ తెలియదు. మేము వీధిలోకి చేరేదాకా ఆవిడ గుమ్మంలో దీపం వెలిగించే ఉంచింది. ఆ తర్వాత ఆ పూటకి తలుపు మూసుకుంది, గడియ చప్పుడైనా మాకు వినపడనంత మెల్లగా.