వెనక గది

తిమ్మరాయప్ప బీడీని కడదాకా పీల్చి మట్టినేల మీద నలిపాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. దొడ్లో సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొని, మూడుసార్లు పుక్కిలించి, ఉతికిన బనియను తొడుక్కున్నాకే పెద్దగది తలుపు తోశాడు.

పెద్దగది పట్టుపురుగులది. గోడల వెంట వెదురు తట్టలు అంతస్తులుగా కప్పు దాకా ఉన్నాయి. అతను ఒక్కో తట్టా లాగి మల్బరీ ఆకు పరిచాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పంట వెంట పంటగా పద్దెనిమిదేళ్లు ఈ గదిలోనే వంగి వంగి నడుము అట్లాగే నిలిచిపోయింది. జవళగిరిలో అతన్ని గురించి ఎవరూ మంచీ చెడూ చెప్పుకోరు.

పొగాకు ఘాటు తగిలితే పురుగు పచ్చగా కక్కి చస్తుంది. ఒక పంట అట్లా పోయింది కూడా. అప్పటినుంచి వెనక గదిలోనే తలుపు మూసి, ఒక్క పోగు పొగ కూడా పెద్దగదిలోకి పోకుండా తలుపు కింద తడి గోనె తోసి కాల్చుకుంటాడు. మంచులో రోడ్డు దాకా నడవాలంటే బద్ధకం.

కొడుకు ధనశేఖర్ హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ వారానికొకసారి వచ్చేవాడు. కోడలు ఆశ కడుపుతో ఉన్నన్నాళ్లూ ఆ వెనక గదిలోనే మంచం మీద కూర్చొని ఆకు తరిగేది. ఇంట్లో మనుషులకు మిగిలిన గది అదొక్కటే. తిమ్మరాయప్ప ఎదురుగోడకు ఆనుకొని కాల్చేవాడు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం చూశాడు. వేవిళ్లనుకున్నాడు. ఏడో నెలలోనూ వేవిళ్లనే అనుకున్నాడు. అట్లా అనుకోవడం తేలికగా ఉండేది.

ఆడపిల్ల నెల ముందే పుట్టింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంచి నిన్న పంపారు. పురిటి మైల పురుగులకు తగలకూడదని తల్లీబిడ్డలను మళ్లీ వెనక గదిలోనే పడుకోబెట్టారు. పొద్దున అతను బీడీ కాల్చిందీ అక్కడే, అలవాటుగా తలుపు మూసి.

మధ్యాహ్నం ఊరి నర్సు అంగాళమ్మ వచ్చింది. గుడ్డ తొలగించి బిడ్డ పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకోవడం చాలాసేపు చూసింది. మూడు గంటల బస్సుకు హోసూరు తీసుకుపోవాలని, తనూ వస్తానని చెప్పింది. తరువాత గాలి వాసన చూసి అడిగింది.

"ఇంట్లో బీడీ తాగేది ఎవరప్పా?"

"మాది రేష్మె పురుగుల ఇల్లమ్మా. పురుగులుండే తావున బీడీ ముట్టించేదే లేదు."

"నన్నయినా తిడతాడు గాని పురుగుల్ని ఒక మాటనడు ఈ మనిషి," అంది అతని భార్య మునిలక్ష్మమ్మ, కొంత గొప్పగానే.

"మరి యాడ తాగుతావు?"

"ఈడనే. తలుపేసుకొని."

మాట బయటికి వచ్చాక దాన్ని అతను కూడా విన్నాడు.

"కడుపులో ఉన్నప్పటినుంచీ బిడ్డకి పొగ పోయిందప్పా," అంది నర్సు. "అదొక్కటే అని నేను చెప్పను. ఇంత చిన్నగా పుట్టినదానికి అదీ ఒక కారణం."

అతను కోడలి తిట్టు కోసం ఎదురుచూశాడు. తిడితే నిలబడడానికి ఏదో ఒకటి దొరికేది.

"నేను చెప్పుంటే బయట తాగుంటావు మామా," అంది ఆశ. "నేనే చెప్పలేదు."

బస్సుకు ఇంకా గంట ఉంది. నర్సు తన సంచి తెచ్చుకోవడానికి పోయింది. పురుగులకు మేత వేళయింది. అతను వేశాడు, చేతులు వాటంతట అవే వేశాయి. తరువాత మళ్లీ సబ్బుతో కడుక్కొని, పుక్కిలించి, వేరే చొక్కా వేసుకున్నాడు. బిడ్డ దగ్గరికి పోవడానికి ఇవన్నీ చేయడం ఇదే మొదటిసారి.

ఆశ గోడకు తల ఆనించి కునుకు తీస్తోంది. బిడ్డ ఒడిలో కదలకుండా ఉంది. పొర విడిచే ముందు పురుగులు మేత మాని ఇట్లాగే నిశ్చలంగా ఉంటాయి. చచ్చినదేదో, పొర విడవబోయేదేదో అతని వేలికి తెలుసు. వంగి బుగ్గ మీద ఆ వేలు పెట్టాడు. చాలాసేపు తీయలేదు. కోడలిని లేపలేదు. ఆమెకు ఇంకొక్క నిమిషం ఇద్దామనుకున్నాడు.

ధనశేఖర్ వచ్చాక పొద్దుగుంకేలోపే బిడ్డను చేని గట్టున పూడ్చారు. తిరిగి వచ్చేసరికి మునిలక్ష్మమ్మ తట్టలకు ఆకు వేస్తోంది. పురుగులు తింటున్న చప్పుడు ఇల్లంతా ఉంది.

పూడ్చే ముందు స్నానం చేయించేటప్పుడు బిడ్డ కాలి నుంచి తీసిన ఆస్పత్రి ప్లాస్టరు కిటికీలో ఉంది. 'ఆశ పాప, 1.700 కేజీ' అని నీలం సిరాతో రాసి ఉంది, పేరు ఇంకా పెట్టలేదు గనక. నీళ్లకు సిరా కొంచెం చెదిరింది గాని, అది చిన్న ఉంగరంలా, చీలమండ ఉన్నంత గుండ్రంగా, అట్లాగే నిలబడి ఉంది.