ముప్ఫై ఏడు తలలు

రాయ్‌స్టన్ హేగ్ తన భార్య వేళ్ల మీద బస్సు డిక్కీ తలుపు వేసినప్పుడు మేం స్కాట్లండ్‌లోని గ్లెన్‌కోలో ఆగి ఉన్నాం. యాత్రలో మూడో రోజు. వాన పడుతోంది. ఏవ్రిల్ తన సంచిలోంచి చలికోటు తీసుకుందామని డిక్కీలోకి చెయ్యి పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు పదడుగుల దూరంలో ఉన్న నాకు వినిపించింది. ఆవిడ కేక పెట్టలేదు. నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

"అయ్యయ్యో, తలుపు జారిపడింది," అన్నాడు రాయ్‌స్టన్.

మా డ్రైవర్ డెరిక్ నా చెవి దగ్గరకొచ్చాడు. "నోరీన్, ఆ తలుపు జారిపడదు. వదిలేస్తే పైకే లేస్తుంది. పాతికేళ్లుగా వేస్తున్నా. కిందికి రావాలంటే బలంకొద్దీ లాగాలి."

ఆ మాట విన్నాక నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. ప్రమాదాల పుస్తకంలో "తలుపు జారినది" అని రాశాను. ఫోర్ట్ విలియం ఆసుపత్రిలో డాక్టరుకి ఏవ్రిల్ కూడా అదే చెప్పింది, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని. రెండు వేళ్లకి కట్టు కట్టారు. పోలీసుల మాటెత్తితే ఆవిడ ముఖం పాలిపోయింది. సరేలెమ్మని ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత సుఖమో నాకు తెలుసు.

ఇంగ్లండ్‌లోని బార్న్స్‌లీ నుంచి స్కాట్లండ్ కొండలకి ఐదు రోజుల యాత్ర. ముప్ఫై ఎనిమిది మంది. అందరూ పెద్దవాళ్లు, సగం మందికి మోకాళ్లు కొత్తవి. మైకులో రాజుల కథలు చెప్పడం, పారేసుకున్న కళ్లద్దాలు వెతకడం, ఆగిన ప్రతి చోటా తలలు లెక్కపెట్టడం నా ఉద్యోగం. మా బస్సులో ఇంకో నియమం ఉంది. ముందు సీటు కోసం జుట్లు పట్టుకోకుండా, రోజూ పొద్దున్నే అందరూ రెండు వరసలు ముందుకి జరగాలి. ముందున్నవాళ్లు వెనక్కి పోవాలి.

హేగ్ దంపతులు ఏడో వరసలో మొదలయ్యారు. తర్వాత ఐదు. తర్వాత మూడు. రోజూ చుట్టుపక్కల సీట్లవాళ్లు నా దగ్గరికొచ్చి గుసగుసలాడారు. గిల్లుతున్నాడట. మణికట్టు మెలిపెడుతున్నాడట. టీ అడగకుండా కొనుక్కుందని వేడి టీ ఆవిడ ఒళ్లో ఒంపాడట. "మొగుడూపెళ్లాల గొడవ, మనకెందుకు," అన్నాను అందరితో. అంత తేలిగ్గా అన్న ఆ నోటిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

నాలుగో రోజు వాళ్లు మొదటి వరసకొచ్చారు. అంటే సరిగ్గా నా వెనక.

మైకులో కోట కథ చెబుతున్నాను, ఏ దొర ఎవరి తల నరికించాడో. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వెనకనుంచి అతని గొంతు మెల్లగా వినిపించింది.

"ఈ ముసలిది రోజుకి ఆరుసార్లు లెక్కపెడుతోంది కాబట్టి బతికిపోతున్నావ్. రేపు ఇంటికెళ్దాం పద. అక్కడ నిన్ను లెక్కపెట్టేవాళ్లెవరూ ఉండరు."

నా కథ మధ్యలోనే ఆగిపోయింది. "ఆ దొర సంగతేమైందమ్మా?" అని ఎవరో అడిగారు. ఈ మనిషి ఈవిడని చంపేస్తాడు, అది నాకు పట్టపగలంత స్పష్టంగా కనిపించింది.

కోట దగ్గర ఆగాక ఆడవాళ్ల మరుగుదొడ్డిలో ఏవ్రిల్‌ని పట్టుకున్నాను. అతను రాలేని చోటు అదొక్కటే.

"వదిలేసి వెళ్లాలనుందా తల్లీ?"

"ఎక్కడికెళ్లను? ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాడు."

"ముందు అతనికంటే ముందుగా బస్సెక్కు. మిగతాది తర్వాత చూద్దాం."

"మీరాపగలరా ఆయన్ని?" అంది. నాకు ఐదడుగులైనా లేవు. ఆపుతానన్నాను.

అతను గుమ్మం బయటే కాచుకుని ఉన్నాడు. "ఏం మంతనాలు చేస్తున్నారు?" అంటూ ఆవిడ కట్టుకట్టిన చెయ్యే చూసి పట్టుకుని, విరిగిన వేళ్లని వెనక్కి విరిచాడు. ఈసారి ఏవ్రిల్ అరిచింది. ఆ అరుపుకి కోట గోడ మీది కాకులన్నీ లేచాయి. జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లి, ఆవిడ నుదుటిని రాతిగోడకేసి కొట్టాడు. ఒకసారి. రెండుసార్లు.

నేను అతని వీపు మీద పడితే మోచేత్తో విసిరికొట్టాడు. డెరిక్ పరుగెత్తుకొచ్చాడు. రాయ్‌స్టన్ తన భుజానికున్న స్టీలు ఫ్లాస్కు లాగి అతని ముఖం మీద మోదాడు. డెరిక్ ముక్కు పక్కకి తిరిగిపోయింది, చొక్కా అంతా రక్తం.

అప్పుడు హెడ్లీ వచ్చాడు. డెబ్బై తొమ్మిదేళ్లవాడు, ముప్ఫై ఏళ్లు బొగ్గు గనిలో తవ్వినవాడు. మొదటిరోజు నుంచీ బస్సులో వాళ్ల పక్క సీట్లో కూర్చుని అంతా విన్నది ఈయనే. "మొదటిరోజే కొట్టాల్సింది నిన్ను," అని దవడ మీద ఒక్కటిచ్చాడు. రాయ్‌స్టన్ తూలి, ఆయన కొత్త మోకాలి మీద తన్నాడు. ముసలాయన కూలబడ్డాడు.

"నాకు తుంటి మార్చారుగానీ చేతులు పాతవేరా!" అంటూ ఎనభై మూడేళ్ల ఈనిడ్ చేతికర్రని రెండు చేతులా ఎత్తి అతని చెవి మీద దించింది. తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో చెప్పలేను. గొడుగులు, కర్రలు, పుస్తకాలు నిండిన ఒక సంచి. మూడు రోజులు విని ఊరుకున్నవాళ్లందరూ కొట్టారు. అతను బురదలో ముడుచుకుపోయాక నేనూ డొక్కలో రెండు తన్నులు తన్నాను. రెండోది అక్కర్లేదు. అయినా దానికి నేను బాధపడటం లేదు.

"ఎక్కండి! అందరూ ఎక్కండి!" అని అరిచాను.

హెడ్లీని ఇద్దరు మోసుకొచ్చారు. ఏవ్రిల్‌ని మొదటి వరసలో కూర్చోబెట్టాను. కనుబొమ మీంచి రక్తం కంట్లోకి కారుతోంది. మెట్ల దగ్గర నిలబడి చివరిదాకా లెక్కపెట్టాను. ముప్ఫై ఏడు.

డెరిక్ ముక్కుకి రుమాలు అదుముకుని, ఎప్పుడూ అడిగేదే అడిగాడు. "అందరూ వచ్చారా?"

"అందరూ వచ్చారు," అన్నాను.

తలుపు మూసుకునేసరికి రాయ్‌స్టన్ లేచాడు. గుండ్రాయి ఒకటి విసిరితే ముందు అద్దం అంచు నుంచి అంచుకి పగిలింది. తర్వాత తలుపు దగ్గరికొచ్చి పిడికిళ్లతో బాదాడు. "తియ్యి! ఏవ్రిల్, తియ్యమని చెప్పు వాడికి!" ఆవిడ కదలకపోయేసరికి గొంతు మార్చాడు. "బంగారం, ఏదో కోపంలో... రా, ఇంటికెళ్దాం."

ప్రయాణికుణ్ణి దారిలో వదిలేస్తే మా ఇద్దరి ఉద్యోగాలూ ఉండవు. డెరిక్ నా వైపు చూశాడు. నేను ఏవ్రిల్ వైపు చూశాను. ఆవిడ తలుపు వైపే చూస్తోంది. ఇరవై ఆరేళ్ల కాపురం. తీయమంటుందేమోనని భయపడ్డాను.

"అందరూ వచ్చారని చెప్పిందిగా ఆవిడ," అంది ఏవ్రిల్ డెరిక్‌తో. "పోనివ్వండి."

పక్క ఊళ్లో పోలీస్ స్టేషన్ ముందు బస్సాపాం. నేను ప్రమాదాల పుస్తకంలో రాసింది అబద్ధమని మొదట నేనే చెప్పాను. డెరిక్ ఆ కానిస్టేబుల్ చేత డిక్కీ తలుపు పదిసార్లు తీయించి వదిలించాడు. పదిసార్లూ అది పైకే లేచింది. రాయ్‌స్టన్‌కి జైలు పడింది. నన్ను కంపెనీవాళ్లు తీసేశారు, నియమం నియమమేనట. తీసెయ్యనీ.

ఏవ్రిల్ ఇప్పుడు ఒక చిన్న ఊళ్లో ఒంటరిగా ఉంటోంది, ఊరి పేరు చెప్పను. నా ఇంటికి పావుగంట దూరం. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి, బస్సులు బయల్దేరే వేళకి, ఫోన్ చేస్తాను. ఆవిడ "ఒకటి" అంటుంది. నేను "సరిపోయింది" అని పెట్టేస్తాను. అంతే.

పోయిన నెల అతణ్ణి వదిలారు. ఆవిడ గడప తొక్కకూడదని కోర్టు కాగితం ఇచ్చింది. మొన్న మంగళవారం ఫోన్ మోగీ మోగీ ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మూడోసారికి ఎత్తింది.

"స్నానం చేస్తున్నా నోరీన్. ఒకటి."

అప్పటికే నేను కారులో ఉన్నాను, సగం దారి దాటాను. పక్క సీట్లో ఈనిడ్ చేతికర్ర ఉంది. అతణ్ణి వదిలారని తెలిసిన రోజే అడిగి తెచ్చుకున్నాను.