కూజా వంచిన చెయ్యి

ఉలి మొనను బొటనవేలి గోటి మీద ఆనించి చూసుకున్నాడు ఎల్లస్వామి. జారలేదు, పట్టింది. పదును కుదిరిందని తనకు తానే తలూపుకొని, ఎదురుగా రెండు మూరల ఎత్తున నిలబడ్డ చైనా దేవత వైపు తిరిగాడు.

పాత చెక్కబొమ్మ. మేఘాల పీట మీద పాదాలు, కుచ్చిళ్లు పోసినట్టు జారే వస్త్రం, అరమూసిన కళ్లు, మడతల సందుల్లో మిగిలిన బంగారు పూత. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగిపోయింది. బొంగులూరులో కొత్త విల్లా కట్టుకున్న నందిని దాన్ని తెచ్చి, "క్వాన్‌యిన్ అంటరు తాతా. బుద్ధుని తొవ్వల దయ చూపే దేవత. ఆ చేతిల కూజా ఉంటది, వంచి నీళ్లు పోస్తది" అని చెప్పి పోయింది.

ఇబ్రహీంపట్నంలో దర్వాజలకు లక్ష్ములను, ఏనుగులను చెక్కీ చెక్కీ ముసలివాడైన మనిషి ఎల్లస్వామి. అతను పనిచేసే షాపులోకి చెక్కే మిషను వచ్చింది. దానికితోడు మొన్నామధ్య ఒక లక్ష్మి ముక్కు అతని చేతిలో చెడింది. ఇంకేం, ఓనరు శ్రీపాల్ అతనికి సాండ్ పేపర్ ఇచ్చి, మిషను చెక్కినదాన్ని రుద్దుకుంటూ కూర్చోమన్నాడు. అది ఎంత అవమానమో ఉలి పట్టినవాడికే తెలుస్తుంది. విరిగిన చేతిని మొలిపించే విద్య మిషనుకు రాదు గనుక ఈ పనిని అడిగి మరీ తీసుకున్నాడు.

"చేతులు వణుకుతున్నయ్ స్వామన్న. గిది ఖరాబైతే మళ్ల ఉలి ముట్టద్దు" అన్నాడు శ్రీపాల్.

"ఖరాబైతే గద. నువ్వు ఫికర్ జెయ్యకు."

మధ్యాహ్నం భార్య మరియ అన్నం తెచ్చింది. ఎల్లస్వామి మూట విప్పనివ్వలేదు.

"జర నీళ్లు పొయ్యి."

"గిలాస ఉంది గద."

"గిలాసల కాదు. దోసిట్ల పొయ్యి."

ముసలాయనకు పిచ్చి ముదిరిందనుకుంటూ ఆమె చెంబు వంచింది. ఎల్లస్వామి దోసిలి పట్టి తాగుతూ, కళ్లు పైకెత్తి ఆమె చేతినే చూశాడు. దప్పిక తీరినా చాలనలేదు. చెంబు ఖాళీ అయింది, చొక్కా తడిసింది. "మస్తుంది" అన్నాడు. ఏది మస్తుందో చెప్పలేదు.

ఆ తరువాత పాత టేకు ముక్క మీద ఉలి నడిచింది. వణుకు ఉంది, ఎందుకుండదు? ఊపిరి బిగబట్టి, అది తగ్గే ఘడియ దొరకగానే ఒక్క గాటు. మళ్లీ ఆగడం. పొద్దువాలేసరికి కూజా పట్టిన చెయ్యి మణికట్టుకు అతుక్కుంది. ఎల్లస్వామి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. మహా సంతోషమైంది. ఇంకెవడు చేస్తాడో రమ్మను, అనుకున్నాడు. ఇంటికి తీసుకుపోదామని వచ్చిన మరియతో "జర నడుం వాలుస్త" అని చెప్పి, చెక్కపొట్టు సంచుల మీద ఒరిగాడు. కాసేపటికి ఆమె ఎంత లేపినా ఇక లేవలేదు.

వారం తరువాత నందిని బొమ్మ కోసం వచ్చింది. శ్రీపాల్ తల గోక్కున్నాడు.

"అంతా మంచిగనే వచ్చిందక్కా. చిటికెన వేలొక్కటే వంకర పోయింది. పాపం, చెయ్యి వణికినట్టుంది."

ఉలులు తీసుకుపోదామని వచ్చిన మరియ ఆ మాట విన్నది. దగ్గరికి వచ్చి బొమ్మ చేతిని చూసింది. కొంగు కింది నుంచి కుడిచెయ్యి తీసి దాని పక్కన పెట్టింది. చిన్నతనంలో రోలు కింద నలిగిన ఆమె చిటికెన వేలు అదే తీరుగా వంగి ఉంది.

"వణకలే. గది గట్లనే ఉంటది" అంది.

శ్రీపాల్ తల దించుకున్నాడు. మరియ చెయ్యి వెనక్కి తీసుకుంది. బల్ల మీద దేవత చెయ్యి మాత్రం, వంకర చిటికెన వేలిని కూజాకు కాస్త ఎడంగా పెట్టుకొని, వంగే ఉంది.