నాలుగు వేళ్ళు

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. మాట దాచుకున్న మనిషి మొహంలా మబ్బు మూసుకుని ఉంది.

పాత ఫోటోలు బాగుచేసే అతను దీపం వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఊరందరి ఫోటోల చిరుగులు అతికినవాడికి సొంతింటి ఫోటో చేతికి రావడం ఇదే మొదలు. మధ్యాహ్నం అత్తయ్య వచ్చి పట్టుకెళ్తానంది. అందులో నాన్నమ్మ కుర్చీలో ఉంది. ఇటు నాన్న, అటు అత్తయ్య. అత్తయ్య పక్కన మామయ్య ఉండాల్సిన చోట తెల్లటి గీకుడు. ఆమె భుజం మీద నాలుగు వేళ్ళు మాత్రం మిగిలాయి.

"చెద తినేసిందిరా. ఆ వేళ్ళు కూడా చెరిపేసి వెనక గోడ నింపెయ్," అన్నాడు నాన్న, ఎటో చూస్తూ.

చెద అంచు నుంచి వంకరటింకరగా తింటుంది. బొమ్మ పెద్దది చేసి చూస్తే ఇవి బ్లేడు గీతలు. గుమ్మడికాయల దొంగ అనకముందే నాన్న భుజాలు తడుముకుంటున్నాడనిపించింది. మామయ్యను గడప తొక్కనివ్వకుండా తరిమింది మీ నాన్నేనని అత్తయ్య ముప్పై ఏళ్ళుగా దెప్పుతోంది. నాన్న ఒక్కనాడూ కాదనలేదు. మనిషిని తరిమింది చాలక బొమ్మలోనూ గీకేశాడా?

తెర మీద, బొమ్మలో పక్కనున్న గోడ ముక్కను తెచ్చి ఒక్కో గీత మీద అద్దుతూ పోయాడు. గీతలన్నీ ఎడమ పైనుంచి కుడి కిందికి వాలి ఉన్నాయి. చిత్తుకాగితం మీద బ్లేడుతో గబగబా గీకి చూశాడు. తనవి రెండో వైపు వాలాయి. నాన్నను పిలిచి గీకమన్నాడు. పొద్దున్నే ఇదేం పిచ్చని విసుక్కుంటూనే గీకాడు నాన్న. అవీ కొడుకు గీతల్లాగే వాలాయి.

సంగతి తేలేదాకా ఉండనీ అని వేళ్ళు చెరపలేదు.

అత్తయ్య పండ్ల సంచీతో వచ్చింది. కూర్చుంటూనే కత్తి ఎడమ చేత్తో అందుకుని పండు తొక్క తీసింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న చెయ్యే. ఇవాళే కనబడింది. గీకింది ఈ చెయ్యి. తరిమిందీ ఈ చెయ్యేనేమో, నింద మాత్రం నాన్నది.

బాగుచేసి అచ్చు తీసిన ఫోటో ఆమె అందుకుంది. చూపు భుజం దగ్గర ఆగింది.

"గోడంతా కట్టావు గానీ అల్లుడూ, ఈ వేళ్ళెందుకు వదిలేశావు?"

అతను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "నేనే ఉంచమన్నానక్కా."

"నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు," అందామె. అంటూనే ఆ వేళ్ళ మీద బొటనవేలు ఆనించి, కాసేపు తియ్యలేదు.

అతను నాన్న వైపు చూశాడు. వద్దన్నట్టు నాన్న తల కొంచెం ఊపాడు.

ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. అతను అత్తయ్య కంటే ముందు నాన్నకు వడ్డించాడు.